స్టికీ: జిగటా, జిడ్డా, బంకా?

మొన్న మే నెలలో మా చెల్లెలి కూతురు డాలస్ నుంచి వచ్చింది. విజయవాడ స్టేషన్‌లో రైలు దిగగానే "పెద్దమ్మా, ఇక్కడ చాలా జిగటగా ఉంది" అంది. ఏదైనా తొక్కిందేమోనని కాళ్ల కింద చూశాను. "నేల కాదు పెద్దమ్మా, వెదర్!" అంది. పాపం, స్టికీ అన్న మాటను మనసులోనే తెలుగు చేసుకుంది. మనమైతే ఉక్కగా ఉందంటాం. చొక్కా వీపుకి అతుక్కుపోతుంటే ఒళ్లంతా జిడ్డుగా ఉందంటాం.

అప్పటి నుంచి ఈ మాట నన్ను వదల్లేదు. ఇంగ్లిష్‌లో చేతికి తేనె అంటినా స్టికీయే, చెమట పట్టినా స్టికీయే. మనకు చెమటా నూనే జిడ్డు. బెండకాయ తరుగుతుంటే తీగలా సాగేది జిగురు. పనసకాయ కోశాక ఎంత కడిగినా వదలనిది బంక. అందుకే మా అమ్మ ముందే కత్తిపీటకీ, మోచేతుల దాకా చేతులకీ నూనె పట్టించేది. బంకకు జిడ్డే విరుగుడు!

క్రికెట్‌లో స్టికీ వికెట్ ఉంది కదా. పిచ్‌కు కవర్లు వేయని రోజుల్లో, వానకు తడిసిన పిచ్ ఎండకు ఆరుతుంటే బంతి ఎటు తిరుగుతుందో, ఎంత లేస్తుందో తెలిసేది కాదు. 1950 బ్రిస్బేన్ టెస్టులో అలాంటి పిచ్ మీద ఒక్కరోజే 20 వికెట్లు పడ్డాయి. ఇంగ్లండ్‌ను మళ్లీ దాని మీదే ఆడించాలని ఆస్ట్రేలియా 7 వికెట్లకు 32 పరుగుల దగ్గరే డిక్లేర్ చేసి, గెలిచింది కూడా. ఇరకాటంలో పడితే ఇంగ్లిష్‌వాళ్లు స్టికీ వికెట్ అనడం అందుకే. మన స్పోర్ట్స్ పేజీల్లోనూ "జిడ్డు బ్యాటింగ్" ఉంది. కానీ చూడండి, వాళ్లకు అంటుకునేది పిచ్, మనకు క్రీజు వదలని బ్యాట్స్‌మన్.

చిల్లర దొంగతనాలు చేసేవాడికి వాళ్లు స్టికీ ఫింగర్స్ అంటారు, మనం చేతివాటం అంటాం. పెరిగిన ధర దిగకపోతే వాళ్లకది స్టికీ. మనకు ధర ఎక్కి కూర్చుంటుంది. వీటిలో దేనికీ జిగటతో పనిలేదు.

స్టికీ నోట్స్ సంగతి ఇంకా బాగుంటుంది. 1968లో త్రీఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుంటే, తేలిగ్గా ఊడొచ్చే జిగురు తయారైంది. 1980లో అమెరికా అంతటా అమ్మకానికి వచ్చిన పసుపు కాగితాల వెనక ఉన్నది అదే. దాని గుణం చెప్పడానికి "అంటీ అంటనట్టు" కంటే మంచి మాట నాకు తట్టలేదు.

మీ వైపు బెండకాయకు ఏమంటారు? జిగురా, జిగటా, బంకా? ఊరు పేరుతో సహా రాయండి. మా పిల్లకు నోటుపుస్తకంలో రాసి పంపాలి.