2 టన్నుల పేపర్ రోల్‌కి గేర్‌బాక్స్ ఎంత?

ప్రశ్న (రాయగడ): సెంటర్ వైండర్ (కోర్‌ని మధ్యలోంచి తిప్పి కాగితం చుట్టే మెషిన్). నిండు రోల్ 1.2 మీటర్ల వ్యాసం, కోర్ 100 మి.మీ., వేగం నిమిషానికి 60 మీటర్లు, కాగితం లాగుడు (టెన్షన్) 500 న్యూటన్లు. నిండు రోల్ తిరిగేది 16 ఆర్‌పీఎమ్మే (నిమిషానికి 16 చుట్లే) కదా, 90:1 వార్మ్ గేర్‌బాక్స్ (మోటారు 90 చుట్లకి రోల్ ఒక చుట్టు) చాలంటున్నారు. నిజమేనా అన్నా?

జవాబు (బల్లార్షా): కాదు తమ్ముడూ. అదే వేగానికి ఖాళీ కోర్ 191 ఆర్‌పీఎమ్‌లో తిరగాలి. 1440 ఆర్‌పీఎమ్ మోటారుకి గేర్ నిష్పత్తి 7.5:1 దాటకూడదు. టార్క్ (తిప్పే బలం) మాత్రం నిండు రోల్‌కే లెక్కెయ్: టెన్షన్‌కి 300, మధ్యలో ఆగిన రోల్‌ని 5 సెకన్లలో వేగం ఎక్కించడానికి 120. మొత్తం 420 న్యూటన్ మీటర్లు, 1.5 సర్వీస్ ఫ్యాక్టర్‌తో (భద్రత కోసం పెంచే గుణకం) 630.

జవాబు (పర్లాకిమిడి): మోటారు 11 కిలోవాట్లు పెట్టండి. నిండు రోల్ దగ్గర అది 120 ఆర్‌పీఎమ్‌లో నడుస్తుంది, సొంత ఫ్యాన్ గాలి చాలదు. విడిగా బ్లోయర్ తప్పదు.

జవాబు (బల్లార్షా): ఎమర్జెన్సీ స్టాప్ కూడా చూడాలి. కాగితం తెగినప్పుడు 1 సెకనులో ఆపితే 600 న్యూటన్ మీటర్ల టార్క్ గేర్ పళ్ల మీదే పడుతుంది. వార్మ్ బదులు హెలికల్ బెవెల్ (ఏటవాలు పళ్ల గేర్లు, శంకు ఆకారం గేర్లు కలిసిన) గేర్‌బాక్స్ తీసుకో. రోల్ బరువు ప్లమ్మర్ బ్లాకుల (షాఫ్ట్‌ని మోసే విడి బేరింగ్ దిమ్మెల) మీదే ఉండాలి, గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద వేస్తే ముందు పోయేది ఆయిల్ సీలు, తర్వాత బేరింగు.