18 ఏళ్ల ఐస్ హాకీ ఫార్వర్డ్‌కు ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగు) ఒప్పందం: ఈ "తొమ్మిది మ్యాచ్‌ల" లెక్క ఏంది?

కోటిరెడ్డి_సర్కిల్ (కడప):
మా పెద్దక్క కొడుకు ఒంటారియోలో పుట్టి పెరిగినోడు. లెఫ్ట్ వింగ్, ఎడమచేతి ఆట. ఓహెచ్‌ఎల్‌లో (అక్కడి జూనియర్ లీగు) ఆడతాండాడు. 2025 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునేది) మూడో రౌండ్‌లో ఒక జట్టు తీసుకునింది, ఇప్పుడు మూడేళ్ల ఒప్పందం ఇస్తామంటాండారు. మా ఇంట్లోవాళ్లు ఏడాదికి 9,75,000 డాలర్లని లెక్కేసి, మూడేళ్లకు పాతిక కోట్లని ప్రొద్దుటూరు దాకా చెప్పేసినారు. ఏజెంటేమో "తొమ్మిది మ్యాచ్‌లు ఆడించి వెనక్కి పంపొచ్చు" అన్నాడంట. అట్ల పంపితే డబ్బులు వస్తాయా, రావా? పిల్లోడి పేరు చెడినట్టేనా?

బురుజు_కర్నూలు:
ముందు ఆ పాతిక కోట్ల మాట ఆపించండి సార్. 9,75,000 అనేది 2024, 2025 డ్రాఫ్టుల వాళ్లకు పెట్టిన పై హద్దు. అదీ ఎన్‌హెచ్‌ఎల్ జట్టులో ఉన్న రోజులకే, రోజు లెక్కన కట్టిస్తారు. దాని కింది లీగు ఏహెచ్‌ఎల్‌లో ఆడితే ఏడాదికి ఎనభై వేల డాలర్ల చిల్లర. జూనియర్‌కు తిప్పి పంపితే ఆ జీతం కూడా లేదు.

నికరంగా చేతికొచ్చేది సంతకం బోనస్. అది మొత్తంలో 10 శాతం దాటకూడదు, అంటే ఏడాదికి మహా అయితే 97,500. జూనియర్‌లో ఉన్నా అది ఇస్తారు. అందులోంచే ఏజెంటు వాటా, పన్ను పోవాలి. ఒంటారియోలో పై శ్లాబు పన్ను 53 శాతం దాటుతుంది, గుర్తు పెట్టుకోండి.

ఇక తొమ్మిది మ్యాచ్‌లు. 18, 19 ఏళ్లకు సంతకం పెట్టినవాడు ఆ సీజన్‌లో పది ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ల కన్నా తక్కువ ఆడితే ఒప్పందం ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. మూడేళ్లూ అట్లనే మిగిలుంటాయి. పదో మ్యాచ్‌కు మంచు మీద అడుగు పెట్టాడా, మొదటి ఏడాది ఖర్చయిపోయినట్టే. ప్లేఆఫ్ మ్యాచ్‌లూ లెక్కలోకే వస్తాయి. 18కి పెట్టినవాడికి ఇట్ల రెండుసార్లు జరగొచ్చు, 19కి పెట్టినవాడికి ఒక్కసారే. జట్టుకు చవకగా దొరికే మూడేళ్లవి. వాటిని పిల్లోడు 20, 21కి వచ్చి పనికొచ్చేటప్పుడు వాడుకోవాలని చూస్తారు. అందుకే తొమ్మిదితో ఆపుతారు.

పేరు చెడటం ఏమీ లేదు. షేన్ రైట్ 2022 డ్రాఫ్ట్‌లో నాలుగో పిక్ (నాలుగోవాడిగా ఎంచుకున్నోడు), సియాటిల్ తీసుకునింది. 2022-23లో ఎనిమిది మ్యాచ్‌లే ఆడించి ఓహెచ్‌ఎల్‌కు పంపినారు. నాలుగో పిక్‌కే అట్ల జరిగితే మూడో రౌండ్ వాణ్ని పంపడంలో వింతేముంది? అసలు చిక్కు వేరే ఉంది. కెనడా జూనియర్ లీగుల్లోంచి డ్రాఫ్టయినవాణ్ని 20 నిండేదాకా ఏహెచ్‌ఎల్‌కు పంపనియ్యరు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఉంచుకోవాల, లేదా జూనియర్‌కు పంపాల. లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ 2025లో కుదిరిన కొత్త ఒప్పందంలో జట్టుకు ఒక 19 ఏళ్లవాడికి దీన్ని సడలించే మాట ఉంది. మీవాడి జట్టు ఆ ఒక్క చోటు ఎవరికి ఇయ్యాలనుకుంటాందో ఏజెంటును సూటిగా అడగమనండి.

క్లాక్‌టవర్_అనంత:
డబ్బు సంగతి అన్న చెప్పినాడు, ఆట సంగతి నేను చెప్తా. జూనియర్‌లో ఇరవై నిమిషాలు, పవర్ ప్లేతో (ఎదుటి జట్టులో ఒకడు పెనాల్టీలో ఉన్న సమయం) సహా ఆడేవాణ్ని పైన నాలుగో లైన్లో (ఫార్వర్డుల చివరి వరస) ఎనిమిది, పది నిమిషాలకు కూర్చోబెడితే చేతులు మొద్దుబారతాయి. ఈ వయసులో వెనక్కి పోవడమే మేలని నా అభిప్రాయం.

వింగర్లను కోచ్‌లు పక్కన పెట్టేది గోల్స్ రాలేదని కాదప్పా, బోర్డుల (చుట్టూ ఉండే గోడ) దగ్గర పక్ (ఆడే రబ్బరు బిళ్ల) పోగొట్టినందుకు. మన డిఫెన్స్‌మ్యాన్ గోల్ వెనక నుంచి పక్‌ను బోర్డుల వెంబడి చుట్టి పంపుతాడు. ఎడమచేతి ఆటగాడికి ఎడమ వైపున అది ఫోర్‌హ్యాండ్‌కే వస్తుంది, అదొక సౌకర్యం. అంతలోనే ఎదుటి డిఫెన్స్‌మ్యాన్ బ్లూ లైన్ (మన వైపు హద్దు గీత) నుంచి మీదికి దూకుతాడు. జూనియర్‌లో తల ఎత్తి చూసేంత టైం దొరుకుతుంది, పైన దొరకదు. పక్ రాకముందే భుజం మీదుగా ఒకసారి చూసుకోవాల. వీపు బోర్డులకు ఆనించి, స్టిక్‌తో అందకపోతే స్కేటుతో ఆపాల. మధ్యలో సెంటర్ ఖాళీగా ఉంటే చిన్న పాస్. లేదంటే బోర్డుల మీది గ్లాసుకు తగిలించి ఆ బ్లూ లైను దాటించేయాల. గ్లాసుకు తగలకుండా నేరుగా జనంలో పడిందంటే మాత్రం రెండు నిమిషాల పెనాల్టీ.

ఇంకోటి, షిఫ్టు (ఒక విడతలో మంచు మీద ఉండేది) 40–45 సెకన్లు. రెండో పీరియడ్‌లో వైపులు మారతాయి గదా, మన గోల్ దగ్గర నుంచి బెంచి దూరమైపోతుంది. అలిసిపోయి పక్‌ను ఆ చివరికి కొట్టేస్తే ఐసింగ్, ఐసింగ్ చేసిన జట్టు మనుషుల్ని మార్చుకోకూడదు. కుర్ర ఫార్వర్డులు ఎక్కువ ఇరుక్కునేది ఇక్కడే.

మ్యాచ్ చూడాలంటే టొరంటోలో రాత్రి ఏడు మనకు చలికాలంలో తెల్లారి అయిదున్నర. పాలవాడికంటే ముందు లేచేవాళ్లకు ఇబ్బంది లేదు.

కోటిరెడ్డి_సర్కిల్ (కడప):
సరే అన్నా. సంతకం పెట్టకుండా కాలేజీకి పోతే? మా బావ చదువు చదువు అంటాండాడు.

బురుజు_కర్నూలు:
2025 ఆగస్టు 1 నుంచి కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లకు అమెరికా కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ తలుపులు తెరిచింది. అంతకుముందు ఆ దారి లేదు. కానీ ఎన్‌హెచ్‌ఎల్ సంతకం పడితే ఆ తలుపు మూసుకున్నట్టే. ఓహెచ్‌ఎల్ జట్టు చదువు ఖర్చు ఇస్తామని రాసి ఉంటే, ఈ సంతకంతో అది ఏమవుతుందో కూడా ఆ కాగితం తీసి మీ బావను చదవమనండి.

ఆలస్యమైందని దిగులు వద్దు. కెనడాలోని సర్రేలో పెరిగిన పంజాబీ పిల్లోడు అర్ష్‌దీప్ బైన్స్‌ను డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోలేదు. 2021-22లో రెడ్ డీర్‌కు 112 పాయింట్లు కొట్టి పశ్చిమ కెనడా వైపు జూనియర్ లీగు డబ్ల్యూహెచ్‌ఎల్‌లో మొదటి స్థానంలో నిలిచినాడు, ఆ సీజన్‌లోనే 21 ఏళ్లకు వాంకూవర్ సంతకం చేయించుకునింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో మొదటి మ్యాచ్ 2024 ఫిబ్రవరిలో. వాడూ మీవాడి మాదిరి వింగరే.