పార్వతీపురం హార్టికల్చర్‌లో సీటు వస్తే ఏ స్కాలర్‌షిప్పు పెట్టాలి?

కవిటి నుంచి ప్రశ్న:
మా చెల్లికి ఇంటర్ బైపీసీలో 938 వచ్చాయి. ఈఏపీసెట్ ర్యాంకును బట్టి పార్వతీపురం ఉద్యాన కళాశాలలో బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్ సీటు రావచ్చంటున్నారు. మేం బీసీ-డి. నాన్నకి రెండెకరాల జీడితోట, గట్టు మీద నాలుగు కొబ్బరి చెట్లు. రైస్ కార్డు ఉంది. జ్ఞానభూమి అని ఒకరు, ఎన్‌ఎస్‌పీ అని ఒకరు, ప్రగతి అని మరొకరు చెప్తున్నారు. అన్నీ పెట్టేస్తే ఏదో ఒకటి తగులుతుందని నెట్ సెంటర్ అతనంటున్నాడు. ఏటి చెయ్యాలి?

విజయనగరం నుంచి జవాబు:
తమ్ముడూ, అన్నీ పెట్టకండి. ఒకటి ఉంటే ఇంకొకటి చెల్లనివి ఇందులో ఉన్నాయి.

ముందు ప్రగతిని తీసెయ్యండి. అది ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) గుర్తింపున్న టెక్నికల్ కాలేజీల ఆడపిల్లలకు. ఉద్యాన కోర్సులు ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కిందికి వస్తాయి. ఫారం నింపడమే దండగ.

మిగిలినవి రెండు. జ్ఞానభూమి పోర్టల్ ద్వారా వచ్చే రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటు ఒకటి, ఎన్‌ఎస్‌పీలో, అంటే కేంద్రం వారి నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్పు రెండోది. రాష్ట్రం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు తీసుకునేవాళ్ళకు సెంట్రల్ సెక్టార్ ఇవ్వరు, నిబంధనల్లోనే ఉంది. కాబట్టి కాగితం మీద లెక్క వేసుకోండి. సెంట్రల్ సెక్టార్ మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000, నాలుగో ఏడు 20,000. నాలుగేళ్ళకీ కలిపి 56,000. రాష్ట్రం వైపు చూస్తే ట్యూషన్ ఫీజు పోతుంది. దానికి తోడు మెయింటెనెన్సు (హాస్టలు, భోజనం ఖర్చు) కింద, వసతి దీవెన పేరున్న రోజుల్లో డిగ్రీకి ఏటా 20,000, పాలిటెక్నిక్‌కి 15,000 లెక్క కట్టేవారు. మీ ఇంటి పరిస్థితికి రాష్ట్రానిదే సరి.

కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటి నాలుగున్నర లక్షల లోపు ఉన్నవాళ్ళకు సెంట్రల్ సెక్టార్ బాగా పనికొస్తుంది. వాళ్ళకి రాష్ట్రానిది రాదు కదా.

పార్వతీపురం నుంచి జవాబు:
పై లెక్క సరైనదే. రాష్ట్ర పథకంలో దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుందో చెప్తాను. రెండున్నర లక్షల ఆదాయం, మాగాణి 10 ఎకరాలు లేదా మెట్ట 25 ఎకరాలు, ఈ పరిమితులు చాలామందికి తెలిసినవే. ఎక్కువమంది దెబ్బతినేది నాలుగు చక్రాల బండి దగ్గర. ట్రాక్టరు, ఆటో, టాక్సీకి మినహాయింపు ఉంది, సొంత కారుకి లేదు. పాత కారు అమ్మేసి ఆర్సీ పేరు మార్పించకపోతే, రవాణా శాఖ రికార్డులో బండి ఇంకా మీ నాన్నగారిదే. అమ్మకం కాగితం చూపిస్తే చాలదు, ఆర్సీ మారాలి. ఇంట్లో ఆదాయపన్ను కట్టేవాళ్ళు గానీ ప్రభుత్వ ఉద్యోగి గానీ ఉన్నా ఆగుతుంది. పారిశుద్ధ్య కార్మికులకి మినహాయింపు.

ఇంకో మాట. మేనేజ్‌మెంటు కోటా సీటుకి రీయింబర్స్‌మెంటు లేదు. కన్వీనర్ కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటు వదులుకుని "దగ్గర్లో ఉంది కదా" అని ప్రైవేటు కాలేజీ మేనేజ్‌మెంటు సీటు తీసుకుంటే నాలుగేళ్ళ ఫీజూ చేతి నుంచే.

చేరాక కాలేజీ వాళ్ళ లాగిన్‌లో పిల్ల వివరాలు ఎక్కాలి, తర్వాత సచివాలయంలో వేలిముద్ర. మొదటిది జరిగిందో లేదో కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో అడిగి తెలుసుకుని అప్పుడు సచివాలయానికి వెళ్ళండి, లేకపోతే రెండు ప్రయాణాలు. హాజరు 75 శాతం తగ్గకూడదు.

ఆమదాలవలస నుంచి జవాబు:
ఎన్‌ఎస్‌పీ వైపు వెళ్ళేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. "80 శాతం మార్కులు" అని ఊళ్ళో చెప్పుకుంటారు, అది తప్పు. ఇంటర్ బోర్డులో పాసైనవాళ్ళలో పై 20 శాతం మందిలో ఉండాలి. కటాఫ్ మార్కు బోర్డును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది. అందువల్ల 85 శాతం వచ్చినవాళ్ళు కూడా బయట ఉండిపోవచ్చు. సగం స్కాలర్‌షిప్పులు ఆడపిల్లలకు కేటాయించారు.

ముందు 14 అంకెల ఓటీఆర్ (ఒక్కసారి చేసుకునే రిజిస్ట్రేషన్) నంబరు తీసుకోవాలి. ఫోన్లో ముఖం చూపిస్తే ఆధార్‌తో సరిపోల్చుకుంటుంది. ఇది సీటు రాకముందే చేసిపెట్టుకోవచ్చు, చేసుకోవాలి కూడా. వ్యవసాయ, ఉద్యాన సీట్ల కౌన్సెలింగ్ ఇంజనీరింగ్ కంటే వెనక నడుస్తుంది. సీటు చేతికొచ్చేసరికి పోర్టల్ గడువు దగ్గర పడి ఉంటుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు వెంకటరామన్నగూడెంలోని యూనివర్సిటీ పేరు నొక్కకండి, మీ కాలేజీ పేరే వెతకండి. తప్పు నొక్కితే దరఖాస్తు ఎక్కడో పశ్చిమ గోదావరి లాగిన్‌లో పడుంటుంది, ఇక్కడి ఆఫీసులో కనపడదు. పంపాక స్టేటస్‌లో "డిఫెక్టివ్" అని వస్తే కంగారు పడక్కర్లేదు, దిద్దుకోమని వెనక్కి పంపారని. గడువులోగా సరిచేసి మళ్ళీ పంపాలి. "రిజెక్టెడ్" అయితే ఆ ఏడాదికి అంతే.

రెన్యువల్‌కి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు కావాలి. ఉద్యాన కోర్సులో మార్కులు ఓజీపీఏలో (మొత్తం గ్రేడు పాయింట్ల సగటు) ఇస్తారు, పోర్టల్ శాతం అడుగుతుంది. సొంతంగా పదితో గుణించి వేసెయ్యకుండా యూనివర్సిటీ ఇచ్చే మార్పిడి సూత్రం ప్రకారం వేసి, ఆ కాగితం జత చెయ్యండి.

కవిటి:
మరి పేరు సంగతి? టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం "బి." అనే ఉంది. ఆధార్‌లో "బమ్మిడి" అని పూర్తిగా ఉంది.

ఆమదాలవలస:
మెమో ఎలా ఉంటే ఆధార్ అలా మార్పించడం తేలిక. మెమో మార్పించాలంటే బోర్డు చుట్టూ తిరగాలి. అయితే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మారుతుంది, పుట్టినతేదీ ఒక్కసారే. ఇదివరకు ఎన్నిసార్లు వాడారో చూసుకుని, తెలుగులో అక్షరాలు, ఇంగ్లీషు స్పెల్లింగు రెండూ రసీదు మీద చదివాకే సంతకం పెట్టండి. "సత్య"కి ఇంగ్లీషులో హెచ్ ఉందా లేదా అన్న ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయే ఫైళ్ళే ఎక్కువ. మారిన తర్వాత బ్యాంకులో కూడా కేవైసీ కొత్తగా ఇవ్వాలి.

రాజాం నుంచి:
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మా వాడికి తోటలు వెయ్యడం, లాన్లు, ల్యాండ్‌స్కేపింగ్ పని ఇష్టం. దానికి విడిగా స్కాలర్‌షిప్పు ఉందా?

పార్వతీపురం:
డిగ్రీ స్థాయిలో అది విడి కోర్సు కాదండీ, హార్టికల్చర్‌లో ఒక భాగం. ఎమ్మెస్సీలో ఫ్లోరికల్చర్, ల్యాండ్‌స్కేపింగ్ అని వేరే శాఖ ఉంది. ఐసీఏఆర్ పీజీ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే నెలకి 12,640 ఇస్తారు, ఈ దారిలో పెద్ద డబ్బు అదే. డిగ్రీనే ఐసీఏఆర్ సీటు మీద వేరే రాష్ట్రంలో చదివితే నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్పు నెలకి 3,000. ఇచ్ఛాపురం వైపు వాళ్ళకు ఒడిశా దగ్గరే, కానీ అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఉద్యాన కాలేజీ చిప్లిమాలో, సంబల్‌పూర్ వైపు ఉంది. భువనేశ్వర్ అనుకుని ఆప్షన్ పెట్టుకోవద్దు.

నాలుగేళ్ళు చదివే ఉద్దేశం లేకపోతే గార్డెనర్ అని స్వల్పకాలిక శిక్షణ ఉంది, పీఎంకేవీవై (కేంద్రం వారి నైపుణ్య శిక్షణ పథకం) కింద ఫీజు లేకుండా. దానికి ఈ స్కాలర్‌షిప్పుల గొడవ ఉండదు.

కవిటి:
చివరిది. చెల్లికి స్టేటు బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా ఉంది, ఇంటర్లో తీసిన పోస్టాఫీసు పేమెంట్ బ్యాంకు ఖాతా ఒకటి ఉంది. రెండింటికీ ఆధార్ లింకు అయింది. డబ్బు దేన్లో పడుతుంది?

విజయనగరం:
లింకు వేరు, సీడింగు వేరు. ఖాతాలో ఆధార్ నంబరు ఎన్ని బ్యాంకులకైనా ఇవ్వొచ్చు, కానీ ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర ఒక ఆధార్‌కి ఒక బ్యాంకే ఉంటుంది, చివరగా సీడింగ్ చేసినది. ప్రభుత్వ డబ్బు ఆ బ్యాంకుకే వెళ్తుంది. ఆధార్ వెబ్‌సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి, బ్యాంకు పేరు, యాక్టివ్ అవునా కాదా కనపడతాయి.

కవిటి:
చూశాం. పోస్టాఫీసుది చూపిస్తోంది, యాక్టివ్ అనే ఉంది. స్టేటు బ్యాంకుకి మార్పించాలా?

విజయనగరం:
ఖాతా వాడకంలో ఉంటే మార్చొద్దు. దరఖాస్తు మధ్యలో బ్యాంకు మారిస్తే డబ్బు తిరిగిపోయే ప్రమాదం ఉంది. పోస్టుమాన్ దగ్గర ఓ వంద రూపాయలు వేసి, ఓ యాభై తీసి చూడండి. రెండూ జరిగితే ఖాతా బతికే ఉన్నట్టు.