రూట్ కెనాల్‌కు ముందు త్రీడీ స్కాన్ తప్పనిసరా?

పంటిపోటు: పై దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయాలన్నారు. చిన్న ఎక్స్‌రే తీసి, అది చాలదంటూ సీబీసీటీకి, అంటే పళ్ల త్రీడీ స్కాన్‌కు, చీటీ రాశారు. నిజంగా అవసరమేనా, లేక బిల్లు పెంచడానికా?

దంతవైద్యుడు_గుంటూరు: పై దవడలో మొదటి పెద్ద పన్నయితే రాయడంలో తప్పు లేదు. దాని ముందు వేరులో చాలామందికి రెండు కాలువలుంటాయి. రెండోదాన్ని మేము ఎంబీ2 అంటాం. మామూలు ఎక్స్‌రేలో రెండూ ఒకదాని వెనుక ఒకటి పడి ఒక్కటిగానే కనిపిస్తాయి. దాన్ని శుభ్రం చేయకుండా క్యాప్ బిగిస్తే, కొన్నాళ్లకు వేరు చివర చీము పట్టవచ్చు. స్కాన్‌లో వేరును అడ్డంగా కోసి చూసినట్టే ఉంటుంది.

మొహమాటం_లేదు: ఎంబీ2 మైక్రోస్కోపుతో వెతికినా దొరుకుతుంది కదా డాక్టర్ గారూ? మా ఊళ్లో ఒక క్లినిక్‌లో మెషీన్ కొన్నప్పటి నుంచి పుచ్చు పన్నుకూ స్కానే. ఆ మెషీన్ వాయిదాలు మేము కట్టాలా? పళ్ల సందుల్లో పుచ్చును కనిపెట్టడానికి బైట్‌వింగ్ ఎక్స్‌రేయే (పళ్లు కరిచిపెట్టించి తీసే చిన్న ఎక్స్‌రే) నయమని మీవాళ్లే అంటారు.

దంతవైద్యుడు_గుంటూరు: పుచ్చుకు స్కాన్ రాసేవాళ్లను నేనూ వెనకేసుకు రాను. అమెరికాలో ఎండోడాంటిస్టుల (రూట్ కెనాల్ నిపుణుల) సంఘం, నోటి రేడియాలజీ అకాడమీ కలిసి 2015లో ఇచ్చిన ప్రకటన కూడా లక్షణాలేవీ లేనివారికి ఊరికే తీయవద్దనే చెప్పింది. అదనపు కాలువలు ఉండే పళ్లకు మాత్రం చిన్న స్కాన్‌నే ఎంచుకోమంది. మైక్రోస్కోపు ఎన్ని క్లినిక్కుల్లో ఉందో మీరే చూడండి.

రేడియాలజీ_పీజీ: రేడియేషన్ మాట ఎవరూ ఎత్తలేదేమిటి? చిన్న డిజిటల్ ఎక్స్‌రేకు కొద్దిపాటి మైక్రోసీవర్టులే (ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). సీబీసీటీకి, ఎంత భాగం తీశారన్నదాన్ని బట్టి, పదుల నుంచి వందల దాకా. ప్రకృతి నుంచి మనకు ఏడాదికి సగటున సుమారు 2,400 పడుతుంది కాబట్టి హడలిపోనక్కరలేదు. కానీ ఒక్క పన్ను కోసం రెండు దవడలూ తీయడం అన్యాయం. పిల్లలకైతే మరీ. 5×5 సెంటీమీటర్ల స్కాన్ సరిపోతుంది, బొమ్మ కూడా స్పష్టంగా వస్తుంది. ఇంకో సంగతి: పంటికి లోహపు క్యాప్ గానీ వేరులో దిగ్గొట్టిన లోహపు పోస్టు (చిన్న కడ్డీ) గానీ ఉంటే చుట్టూ నల్లచారలు పడతాయి. వాటిని పగులనుకుని మంచి పన్ను పీకేసే ప్రమాదం ఉంది.

పంటిపోటు: చీటీ మళ్లీ చూశాను. పన్ను 26, అంటే పై దవడలో ఎడమవైపు మొదటి పెద్ద పన్నే. క్యాప్ ఏమీ లేదు. కానీ ‘రెండు దవడలు’ అని రాసి ఉంది! చిన్న స్కాన్‌కు మార్చి ఇమ్మని అడుగుతాను.

మొహమాటం_లేదు: ఎందుకు తీయమంటున్నారో, రిపోర్టు ఎవరు చదువుతారో కూడా అడగండి. జవాబు నసిగితే ఇంకో డాక్టరును చూసుకోండి.