జపాన్ ‘ఒద్దికైన బతుకు’ వీడియోలు: ఎంచి చూపించడం మోసమేనా?

నిషికసాయి_నివాసి
టోక్యోలో ఆరేళ్లుగా ఉంటున్నాను. ఇక్కడి ఇంటి వీడియోలు మీరూ చూసే ఉంటారు. కెటిల్‌లో నీళ్లు మరిగే చప్పుడు, చెక్క బల్ల, కాఫీ పొడి మీద సన్నటి ధారగా నీళ్లు పోసే రెండు చేతులు. మొహం కనబడదు. ఈ తరహాని ‘తేనే నా కురాషి’ అంటారు. చిన్న పనైనా శ్రద్ధగా, ఒద్దికగా చేసుకుంటూ బతకడం అన్నమాట.

నా గది ఆరు తతామీలు (ఇక్కడ గదిని కొలిచే గడ్డి చాపలు), సుమారు 10 చదరపు మీటర్లు. జూన్‌లో వానలు పట్టుకుంటే బట్టలు బయట ఆరవు. కర్టెన్ రాడ్డుకీ తలుపు అంచుకీ హ్యాంగర్లు తగిలిస్తాం, గదంతా ముక్కిన వాసన. ఇలా గదిలో ఆరేయడానికి ‘హెయబొషి’ అని పేరే ఉంది, అంత మామూలు సంగతి. ఆ వీడియోల్లో మాత్రం ఒక్క తడి చొక్కా కూడా నా కంటపడలేదు. రెండేళ్లు అవే చూసి చూసి, ఎవరైనా ఇంటికొస్తానంటే టెన్షన్ పడే స్థితికి వచ్చాను. నా దృష్టిలో ఇది మోసమే. మీరేమంటారు?

గోదారి_గట్టు
మోసం అనేది పెద్ద మాటండి. చుట్టాలొస్తున్నారంటే మా అమ్మ కూడా ముందుగది మాత్రమే సర్ది, మిగతావన్నీ మంచం కిందకి తోసేది. అది అబద్ధమా? పైగా జపాన్ వాళ్లకి హొన్నె, తతెమాయె అని రెండున్నాయి కదా. మనసులో మాట ఒకటి, నలుగురిలో నడత ఒకటి.

నిషికసాయి_నివాసి
దయచేసి ఆ రెండు మాటలతో దేశం మొత్తాన్ని కొలవొద్దు. తతెమాయె ఎదుటి మనిషి నొచ్చుకోకుండా ఉండటానికి, అది పైమాటేనని ఆ మనిషికీ తెలుసు. మీ అమ్మగారింటికొచ్చిన చుట్టాలకి లోపలి గది సంగతి తెలిసినట్టే. ఫోన్‌లో చూసేవాళ్లకి ఆ తెలివిడి ఉండదు.

కూకట్‌పల్లి_కోడలు
సర్దడం దగ్గర కాదు, డబ్బు దాచడం దగ్గర గీత గీయాలి. 2012లో అక్కడ వేలంపాట సైట్ల కుంభకోణం బయటపడింది. కొందరు సెలబ్రిటీలు వస్తువులు చవగ్గా గెలుచుకున్నామని బ్లాగుల్లో రాశారు. నిజానికి గెలిచిందేమీ లేదు, రాసినందుకు డబ్బు ముట్టింది. ఇలాంటి చాటుమాటు ప్రచారాన్ని ‘సుతెమా’ అంటారు. దాన్ని చట్టం నేరుగా నిషేధించింది 2023 అక్టోబర్ 1 నుంచే. అదీ చర్య కంపెనీ మీదే, పోస్టు పెట్టిన ఇన్‌ఫ్లుయెన్సర్ మీద కాదు. నా కోపం ఆ సగం చట్టం మీద.

‘కురాషి నో తెచో’ అనే పత్రిక 1948 నుంచి ఇంటి జీవితం గురించే రాస్తోంది. అందమైన పేజీలే, కానీ బయటి ప్రకటనలు వేసుకోదు. ఒకసారి టోస్టర్లు పరీక్షించడానికి 43 వేల పైచిలుకు బ్రెడ్ ముక్కలు కాల్చారు. అందంగా చూపిస్తూనే నమ్మకం నిలబెట్టుకోవచ్చు.

పెన్నా_తీరం
మొహం దాచడాన్ని తప్పుపట్టకండి. ‘మిబరె’ భయం, అంటే మనమెవరో పదిమందికీ తెలిసిపోతుందన్న భయం, అక్కడ చాలా ఎక్కువ. ఆఫీసులో తెలిస్తే ఇబ్బందిపడే ఉద్యోగులున్నారు.

2021లో బైక్ మీద తిరిగే అమ్మాయి ఫొటోలు ట్విట్టర్‌లో బాగా పేలాయి. చివరికి ఆవిడ యాప్‌తో మొహం మార్చుకున్న 50 ఏళ్ల ఆయన అని తేలింది. బైక్ అద్దంలో పడ్డ మొహం పట్టించింది. నడివయసు మగవాణ్ణి ఎవరు చూస్తారు అన్నది ఆయన వాదన. అంతా బయటపడ్డాక కూడా జనం ఆయన్ని ఫాలో అవడం మానలేదు. మొహం మారినా బైకు మీద ఆయన ఇష్టం నిజం. ఆయన్ని మోసగాడు అనడానికి నాకు నోరు రావడం లేదు.

గోదారి_గట్టు
నిజం చెప్పినా తంటాయే. ఇల్లు సర్దడంలో ప్రపంచానికే పాఠాలు చెప్పిన మారీ కోండో, మూడో బిడ్డ పుట్టాక సర్దడం కొంత వదిలేశానని 2023 జనవరిలో ఒప్పుకుంది. హమ్మయ్య అనుకున్నవాళ్లతో పాటు దెప్పినవాళ్లూ ఉన్నారు.

నిషికసాయి_నివాసి
కోడలుగారూ, డబ్బు గురించి మీరన్నదానికి ఒప్పుకుంటున్నాను. మొహం సంగతీ వదిలేశాను. కానీ పైసా తీసుకోని వీడియో కూడా నన్ను రెండేళ్లు కుంగదీసింది, దానికి ఏ చట్టమూ లేదు. మారీ కోండో మాట విన్న రోజు నేను గదిలో ఆరేసిన బట్టల మధ్యే కూర్చుని అన్నం తిన్నాను, మొదటిసారి సిగ్గనిపించలేదు. ఆ కాఫీ వీడియోలు తీసేవాళ్లు ఏడాదికొక్క వానాకాలపు రోజైనా కెమెరా కర్టెన్ రాడ్డు వైపు తిప్పి ఉంటే, నేను ఈ చర్చ పెట్టేదాన్నే కాదు.