అప్‌డేట్: మూడు గదుల్లోనూ పాట ఇప్పుడు ఒకేసారి వస్తోంది

తిరుపతిలో మా ఇంట్లో స్నాప్‌కాస్ట్ (అన్ని గదుల్లో ఒకే పాటను ఒకేసారి వినిపించే సాఫ్ట్‌వేర్) పెడితే మిద్దెమీద గదిలో పాట తెగుతోందనీ, హాల్లో వంటగది కంటే వెనకబడుతోందనీ అడిగాను. రెండూ వేర్వేరు తప్పులు.

తెగడం వైఫై వల్ల. మిద్దెమీద పాట వినిపించే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే, మధ్యలో కాంక్రీటు స్లాబు. రూటర్‌ని మెట్ల దగ్గరికి మార్చి, రాస్ప్‌బెర్రీ పైలో వైఫై పవర్ సేవింగ్ ఆపి, స్నాప్‌కాస్ట్ బఫర్‌ని (వినిపించే ముందు పాటను దాచి ఉంచే సమయాన్ని) 1000 నుంచి 1500 మిల్లీసెకన్లు చేశాక పోయింది.

హాల్లో ఆలస్యం సౌండ్‌బార్‌ది. దాని లోపల ప్రాసెసింగ్‌కి పట్టే టైం స్నాప్‌కాస్ట్‌కి తెలీదు. బఫర్ పెంచితే ఇది తగ్గదు, అన్ని గదులూ కలిసి ఆలస్యమవుతాయంతే. స్నాప్‌కాస్ట్‌లో హాలు క్లయింట్ (అక్కడ పాట అందుకునే పరికరం) లేటెన్సీని, అంటే పాటను ఎంత ముందుగా పంపాలో చెప్పే సెట్టింగ్‌ని, 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ, వంటగది గడపలో నిలబడి చప్పట్ల రికార్డింగ్ వినాలి. 140 దగ్గర రెండు చప్పట్లూ ఒక్కటయ్యాయి. పాటతో అయితే ఇంత కచ్చితంగా పట్టుకోలేం.