ఈ వారం క్లాసులో ఏం చెప్పామో పేరెంట్స్ కి ఎలా చెప్తున్నారు? (2వ క్లాస్, విజయవాడ)

సింగ్‌నగర్_టీచర్:
అందరికీ నమస్తే అండి. నేను విజయవాడ సింగ్ నగర్ వైపు ఒక చిన్న ప్రైవేట్ స్కూల్లో 2వ క్లాస్ చెప్తాను, 34 మంది పిల్లలు. నాన్నలు ఎక్కువమంది ఆటోనగర్ లో పని, కొంతమంది ఆటో నడుపుతారు, అమ్మల్లో ఇంట్లో మిషన్ కుట్టేవాళ్ళు ఉన్నారు, వన్ టౌన్ బట్టల షాపులకి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. మా మేనేజ్మెంట్ వాళ్ళు ప్రతి సోమవారం వీక్లీ ప్లాన్ అని ఒక పీడీఎఫ్ వాట్సాప్ గ్రూప్ లో పెట్టమంటారు, అంతా ఇంగ్లీష్ లోనే, డబ్బాలు గీసి సబ్ట్రాక్షన్ విత్ రీగ్రూపింగ్, ప్లాంట్స్ అరౌండ్ అస్, పేజీ నంబర్లతో సహా. మెసేజ్ ఇన్ఫో నొక్కి చూస్తే 29 మంది చూసినట్టు ఉంటుంది, శుక్రవారం గేటు దగ్గర ఒకమ్మని ఈ వారం లెక్కల్లో ఏం చెప్తున్నామో చూశారా అంటే "ఏదో వచ్చింది మేడమ్, ఫీజు గురించి అనుకుని చూసి వదిలేశా" అంది. ఆవిడ తప్పేం లేదు, నేనైనా తెరవను.

అసలు ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, తీసివేతలు మొదలుపెట్టాం కదా, 42 లోంచి 17 తీసెయ్ అంటే సగం మంది 35 వేస్తున్నారు. 2 లోంచి 7 పోదు కాబట్టి తిప్పేసి 7 లోంచి 2 తీసేస్తున్నారు, పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి అని వాళ్ళ బుర్రలో పడిపోయింది. దానికి నేను చీపురు పుల్లలు పదేసి కట్టలు కట్టి రబ్బర్ బ్యాండ్ వేసి, 4 కట్టలు 2 విడి పుల్లలు పెట్టి, ఒక కట్ట విప్పితే 3 కట్టలు 12 పుల్లలు, ఇప్పుడు 17 తియ్యి అని చేతికిచ్చి చేయిస్తున్నా. ఇంటికెళ్ళేసరికి అక్కడ "పక్కింటి దగ్గర అప్పు తెచ్చుకో" అని వేరేగా చెప్తున్నారు, తెచ్చుకున్నాక 4 ని 3 చెయ్యడం మర్చిపోయి పిల్లాడు మళ్ళీ 35 వేసుకొస్తున్నాడు. దారి వేరైనా లెక్క ఒకటే కదా, మేం ఎలా చెప్తున్నామో వాళ్ళకి ముందే తెలిస్తే ఈ గొడవ ఉండదు. మీరు వారం వారం ఏం పంపుతున్నారు, ఎలా పంపుతున్నారు? పీడీఎఫ్ మానేస్తా అంటే ఊరుకోరు, అది పెడుతూనే ఇంకేం చెయ్యొచ్చో చెప్పండి.

గుంటూరు_మిర్చి:
మేడమ్ నేను గుంటూరులో మున్సిపల్ ప్రైమరీ స్కూల్, మిర్చి యార్డు వైపు. మా పిల్లల అమ్మలు సీజన్ లో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతారు, పొద్దున పోతే రాత్రే రావడం, చేతులు మండుతుంటే ఫోన్ పట్టుకుని చదివే ఓపిక ఎవరికుంటుంది. అందుకని నేను రాయడం మానేసి వాయిస్ పెడుతున్నా. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి, అన్నాలు తిన్నాక. శుక్రవారం సాయంత్రం పెడితే శనివారం గోలలో కిందకి వెళ్ళిపోతుంది. ఇంకోటి, చాలా ఇళ్ళల్లో ఒకటే ఫోను, అది నాన్న జేబులో ఉంటుంది, ఆదివారం అయితే ఇంట్లో ఉంటుంది.

మొదట్లో బోలెడు చెప్పేసేదాన్ని, నాలుగు నిమిషాలు, తెలుగు ఇంగ్లీష్ లెక్కలు ఈవీఎస్ అన్నీ. ఎవరూ చివరిదాకా వినలేదు, ఒకాయనైతే "మేడమ్ రేడియో పెట్టారా" అన్నాడు. ఇప్పుడు 40 సెకన్లు, ఒకే ఒక్క విషయం. ఇలా ఉంటుంది చూడండి: "అమ్మా నమస్తే, నేను టీచర్ని. ఈ వారం మన పిల్లలకి క వత్తు, త వత్తు చెప్పాను. మీ పాపని పిలిచి అక్క, అత్త రెండూ రాయించండి. అక్క బదులు అక అని రాస్తే తప్పు అనకండి, నోటితో గట్టిగా అక్క అనమనండి, తనే దిద్దుకుంటుంది." అంతే. ఈ వారం ఏమేం చేశాం అనేది నా లెక్క, వాళ్ళకి కావాల్సింది పిల్లని ఏం చేసి చూపించమనాలి అనేది. నేను ఒక్క విషయమే చెప్పినా మిగతా సబ్జెక్టులు వదిలేశారేంటి అని ఒక్కరూ అడగలేదు.

చిన్న సంగతి, బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ తో పంపితే మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్ళకే వెళ్తుంది, నాకు రెండు నెలలకి తెలిసింది. గ్రూపే మేలు, కాకపోతే అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి, లేకపోతే గుడ్ మార్నింగ్ పువ్వుల కింద మీ వాయిస్ పోతుంది.

ఆటోనగర్_నాన్న:
టీచర్లు మాట్లాడుకునే చోట మధ్యలో దూరుతున్నా ఏమనుకోకండి, మా వాడు 3వ క్లాస్, నేను లేత్ మిషన్ మీద పని, ఇంటికి వచ్చేసరికి తొమ్మిది అవుద్ది, ఏరా ఇవాళ ఏం చెప్పారు అంటే "ఏం లేదు" అంటాడు, రోజూ అదే మాట, ఏడాది నుంచి వాళ్ళ స్కూల్లో ఏం చెప్పట్లేదన్నమాట. ఒకసారి ఎలాగో వాడి పుస్తకంలో గడియారం బొమ్మ కనపడితే పావు తక్కువ ఎనిమిది ఎంతరా చూపించు అన్నా, వాడు గోడ గడియారం కిందకి దించి అరగంట నాకు క్లాసు పీకాడు. కాబట్టి పైన గుంటూరు మేడమ్ చెప్పింది కరెక్ట్, ఏం అడగాలో ఒక్క మాట చెప్తే చాలు మాకు.

ఇంకో మాట, కోపంతోనే చెప్తున్నా. మా వాడి పాత స్కూల్లో గ్రూప్ లో హోంవర్క్ చెయ్యని పిల్లల పేర్లు లిస్టు పెట్టేవాళ్ళు, డిక్టేషన్ కి వచ్చిన మార్కులు కూడా, 10 కి 2 అని మా వాడి పేరు పక్కన, మా బావమరిది కొడుకు కూడా అదే క్లాసు, పెళ్ళిలో కలిసినప్పుడు వాళ్ళు అడిగారు, మా ఆవిడ ఆ రోజు భోజనం చెయ్యలేదు. దయచేసి ఒక్కడి సంగతి ఆ ఒక్కడి ఇంటికే చెప్పండి. గ్రూప్ లో అందరికీ పనికొచ్చేది మాత్రం పెట్టండి.

రిటైర్డ్_హెచ్ఎం:
32 ఏళ్ళు ప్రైమరీ స్కూళ్ళల్లో చేసి రిటైర్ అయ్యాను, తెనాలి, మంగళగిరి చుట్టుపక్కల. 2009 విద్యాహక్కు చట్టంలోనే స్కూల్ మేనేజ్మెంట్ కమిటీలో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులు ఉండాలనీ, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలనీ రాశారు. కమిటీలు వేశాం, కూర్చున్నాం, ఏం మాట్లాడుకున్నాం? బాత్రూమ్ లో నీళ్ళు, భోజనంలో గుడ్డు, ప్రహరీ గోడ. అవి మాట్లాడాల్సినవే, కాదనను. పిల్లాడు చదువుతున్నాడా లేదా అనే దగ్గరికి వచ్చేసరికి టైమ్ అయిపోయేది. 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడులన్నిట్లో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు మా వీధి బడికి నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను, రంగవల్లులు, తాడాట, మంచి సందడి. అది పండగ. ఏడాదికి ఒకటో రెండో పండగలు వస్తాయి, మిగతా వారాల్లో ఏం తింటామన్నదే కదా మేడమ్ గారి ప్రశ్న.

ఫోన్లు లేని రోజుల్లో నేను చేసింది చెప్తాను. శుక్రవారం ఆఖరి పీరియడ్ లో పది నిమిషాలు, పిల్లలే రాయాలి. చిన్న చీటీ, "ఈ వారం నేను ... నేర్చుకున్నాను" అని. ఆ ఖాళీలో ఎవరికి తోచింది వాళ్ళు. 1వ తరగతి వాళ్ళు బొమ్మ వేసేవాళ్ళు. అమ్మకి చదువు రాకపోతే పిల్లాడే చదివి వినిపించాలి, అది వాడికి ఇంకో పాఠం. సోమవారం సంతకంతో తేవాలి, వేలిముద్ర అయినా సరే. సంతకాలు వాళ్ళే పెట్టేసుకునేవాళ్ళు అనుకోండి, "నాన్న" అని రాసి కింద గీత గీసి తెచ్చాడు ఒకడు. నవ్వాపుకుని చీటీ తీసుకున్నాను. కానీ ఆ చీటీల వల్ల నాకే పెద్ద ఉపకారం. నేను వారమంతా తెగ చెప్పిన పాఠం ఒక్కడి చీటీలో కూడా లేకపోతే ఆ సోమవారం మళ్ళీ మొదలుపెట్టాల్సిందే.

ఇద్దరమే_టీచర్లం:
బాగుంది గానీ టైమ్ ఎక్కడిది సార్. మా బడిలో ఇద్దరం, 5 తరగతులు. అటెండెన్స్ యాప్ లో, భోజనం యాప్ లో, మార్కులు యాప్ లో. ఇప్పుడు వాయిస్ కూడానా.

గుంటూరు_మిర్చి:
@ఇద్దరమే_టీచర్లం అయ్యో అర్థమవుతుంది అండి. వారానికి ఒక తరగతికే పెట్టండి, వంతులవారీగా. లేదా సార్ చెప్పిన చీటీ, అందులో మన పని బోర్డు మీద ఒక లైను రాయడమే.

సింగ్‌నగర్_టీచర్:
అందరికీ చాలా థాంక్స్ అండి, ముఖ్యంగా ఆటోనగర్ అన్నయ్యగారికి, నేనూ డిక్టేషన్ మార్కులు గ్రూప్ లో పెట్టేదాన్ని, టాప్ 5 పేర్లే కదా అనుకునేదాన్ని, ఇంక పెట్టను. పీడీఎఫ్ సోమవారం మామూలుగానే వెళ్తుంది, మేనేజ్మెంట్ కోసం. నిన్న ఆదివారం రాత్రి మొదటిసారి వాయిస్ పెట్టా, ఫ్యాన్ ఆపుకుని మూడుసార్లు రికార్డ్ చేశా, 52 సెకన్లు వచ్చింది. ఇంట్లో పుల్లలు పదేసి కట్టండి, 42 పెట్టించి 17 తీయించండి, కట్ట విప్పాలని వాడికి తోచేదాకా మీరు చెప్పకండి అన్నా. 11 మంది రిప్లై ఇచ్చారు, ఇంతకుముందు ఫీజు విషయం తప్ప ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. గేటు దగ్గర ఫీజు అనుకుని వదిలేశా అన్న అమ్మే రాత్రి పదింటికి వాయిస్ పెట్టింది, వెనకాల పిల్లాడు అరుస్తున్నాడు, "మేడమ్, కొత్త చీపురు విరగ్గొట్టాడు, ఒక కట్టలో తొమ్మిదే వచ్చాయి, పర్లేదా?" అని. పర్లేదు అని టైప్ చేసి, అయ్యో పర్లేదు కాదు కదా అని చెరిపేసి, ఫోన్ చేశా.